చత్వారం ఉన్న దయ్యం

మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి స్టేషన్‌కి ఫోన్ వచ్చింది. ఐదంతస్తుల ఆఫీసు భవనం వెనక, మెట్ల అడుగున ఒక ఆడమనిషి పడి ఉంది.

రెండు గంటల ఐదు నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ అక్కడ ఉన్నాడు.

ముప్ఫై రెండేళ్ల మనిషి. మెడలో ఆఫీసు కార్డు. నాలుగో అంతస్తు మలుపు దగ్గర నుంచి, మెట్ల మధ్య ఖాళీలోంచి కిందికి పడింది. ఒక చెప్పు పైనే ఉండిపోయింది. చూసిన వాళ్లు లేరు.

ఆమె పనిచేసేది ఆ నాలుగో అంతస్తులోనే. ఎన్నికల ప్రకటనలు నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న ఆఫీసు. ఆమె డిజైనర్. తెర మీద ఏ బటన్ ఎక్కడ ఉండాలి, అక్షరం ఎంత లావుండాలి, కంప్యూటర్ ముట్టని వాళ్లు కూడా బెదరకుండా ఎలా వాడాలి అన్నది ఆమె చూసే పని. మనిషి నెమ్మది అని అందరూ చెప్పారు. చెడు చెప్పిన వాళ్లు ఒక్కరూ లేరు.

ఆమె బల్ల మీద ఒక ఉత్తరం దొరికింది. దస్తూరీ ఆమెదే. "నిన్న మధ్యాహ్నం మూడు గంటల ఏడు నిమిషాలకు ఆ ప్రకటనను ఆమోదించింది నేనే. ఇందులో వేరెవరికీ సంబంధం లేదు. బాధ్యత పూర్తిగా నాది." కింద సంతకం.

ఆ ప్రకటన సంగతి అప్పటికే ఊరంతా గుప్పుమంది. ముందు రోజు మధ్యాహ్నం నాలుగు వీధుల జనం ఫోన్లలోకి ఒక కబురు వచ్చింది. పోలింగ్ వాయిదా పడిందట. పచ్చి అబద్ధం. తెల్లారి సగం మంది ఓటుకు వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయారు. ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఒక కట్టుబాటు ఉంది. ప్రకటన తయారుచేసిన వాళ్లే దాన్ని ఆమోదించలేరు, రెండో మనిషి చూసి బటన్ నొక్కాలి. ఆ రెండో మనిషిగా డిజైనర్‌ని పెట్టారు, నమ్మకస్తురాలని. రికార్డులో ఆమె పేరే ఉంది.

పోలింగ్ రోజు. స్టేషన్‌లో ఊపిరి సలపని పని. ఇన్‌స్పెక్టర్ ఉత్తరం చదివాడు, ఆత్మహత్య అని రాశాడు, సంతకం పెట్టాడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన అంత త్వరగా మూసిన ఫైలు ఇంకొకటి లేదు.

మూడో రోజు నుంచి ఆమె తల్లి స్టేషన్‌కి రావడం మొదలుపెట్టింది.

పొద్దున పదింటికి వచ్చి బెంచీ మీద కూర్చునేది. అరవై అయిదేళ్లుంటాయి. ఏడుపు లేదు, గొడవ లేదు. ఇన్‌స్పెక్టర్ కనిపిస్తే లేచి నిలబడేది. రెండు కాగానే, మూడింటికి ఇంట్లో ఉండాలని చెప్పి వెళ్లిపోయేది. రోజూ ఒకటే మాట అడిగేది.

"నా కూతురు చదవకుండా దేని మీదా వేలు పెట్టదు బాబూ. ఆ బటన్ నొక్కింది అది కాదు. ఎవరు నొక్కారో కనుక్కుని చెప్పండి. నాకింకేం వద్దు."

ఉత్తరం ఉంది కదమ్మా అని ఇన్‌స్పెక్టర్ నచ్చజెప్పేవాడు. ఆమె తల ఊపేది. మర్నాడు పదింటికి మళ్లీ బెంచీ మీద ఉండేది. ఆయనకు ఆ బెంచీ వైపు చూడాలంటేనే భయం పట్టుకుంది. ఆమె వెళ్లిపోయాక కూడా అక్కడ ఎవరో కూర్చున్నట్టే ఉండేది.

పన్నెండో రోజు ఆఫీసు యజమానురాలి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, చనిపోయిన అమ్మాయి ఇంకా ప్రకటనలు ఆమోదిస్తోంది."

హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ కన్నా మూడేళ్లు పెద్ద. ఏ పని మొదలుపెట్టినా ముందు పెదవి విరవడం ఆయన అలవాటు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు సార్, మూసిన ఫైలు కదా అన్నాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ అందుకున్నాడు.

రెండు గంటల యాభై అయిదు.

నాలుగో అంతస్తులో ఆరు బల్లలు. ఐదింటి దగ్గర మనుషులున్నారు. కిటికీ పక్క బల్ల ఖాళీ. దాని చుట్టూ రెండు గజాల మేర ఎవరూ నడవడం లేదు. నీళ్లు తాగడానికి వెళ్లాలన్నా గోడ వెంట చుట్టూ తిరిగి వెళ్తున్నారు. కుర్చీ వెనక్కి ఆమె శాలువా ఇంకా వేలాడుతోంది. తీసే ధైర్యం ఎవరికీ లేదు.

గోడ మీద పెద్ద తెర. వేరే ఊళ్లలో పోలింగ్ ఇంకా మిగిలే ఉంది, ఆ ప్రకటనల జాబితా అందులో కనిపిస్తోంది.

మూడు గంటల నాలుగు నిమిషాలు. జాబితాలో మొదటి ప్రకటన పక్కన ఆకుపచ్చ గుర్తు పడింది. దాని పక్కన ఆమె పేరు. పేరు పక్కన ఆమె ఫొటో, నవ్వుతూ.

గదిలో ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

మూడు నిమిషాలకు రెండోది. మరి కాసేపటికి మూడోది. ఖాళీ బల్ల మీద కంప్యూటర్ ఆపేసే ఉంది. దాని తీగ కూడా పీకేసి ఉంది. హెడ్ కానిస్టేబుల్ వంగి ఆ తీగను రెండుసార్లు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్లుగా?"

"అమ్మాయి పోయిన మర్నాటి నుంచీ" అంది యజమానురాలు. "మొదట ఏదో పొరపాటు అనుకున్నాం. రోజూ అదే వేళకు. నేను ఆ ప్రకటనలు బయటికి పోకుండా ఆపేశాను."

"ఆమె ఖాతా మూసేయలేదా?"

"మూసేయమని చెప్పాను. మూసేశానన్నాడు ఈయన."

ఈయన అంటే ప్రోగ్రామర్. నలభై ఏళ్లు, బట్టతల, కళ్ల కింద నల్లటి చారలు. మూసేశాను సార్ అన్నాడు. ఆ మాట అంటూ నేల చూశాడు.

పక్కన ప్రచార మేనేజర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, సాఫీ మాట. ప్రకటనలు తయారుచేసేది ఆయనే. కంప్యూటర్లన్నాక ఒక్కోసారి ఇలా పిచ్చెక్కుతాయి సార్, పాపం పోయిన మనిషిని ఎందుకు లాగడం అన్నాడు. ఆ రోజు ఆమె పడిపోయినప్పుడు మీరెక్కడ అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఒంటిగంట పావు నుంచి, కింద కేకలు వినపడేదాకా కుర్చీలోంచి లేవలేదని, తన గదిలో ప్రకటనలు దిద్దుతూనే ఉన్నానని చెప్పాడు. తడుముకోకుండా చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ ప్రోగ్రామర్ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"రికార్డు తెరువయ్యా. పేరు, టైము నేనూ చూశాను. వాటి కింద ఏముంది?"

"ఏమీ లేదు సార్. వాడే వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకోవడానికి ఆవిడ పెట్టుకున్న లెక్క. ఎవరూ చూడరు."

"నేను చూస్తాను. తెరువు."

తెరిచాడు. వేలు ఎక్కడ పడిందో, ఎంతసేపు ఆగిందో వరసగా ఉంది. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని చదివాడు. అక్షరాలు పెద్దవి చేయి. మళ్లీ పెద్దవి చేయి. ఒక నిమిషం యాభై సెకన్లు ఆగడం. బటన్ మీద వేలు, అయిదు సెకన్లు.

నిన్నటిదీ అంతే. మొన్నటిదీ అంతే.

ఆమె బతికున్నప్పటివి తీయమన్నాడు. వందల ఆమోదాలు. అక్షరాలు పెద్దవి చేసిన దాఖలా ఒక్కటీ లేదు. ఆ తెర గీసిందే ఆమె కదా, కళ్లు మూసుకున్నా నొక్కగలదు.

"ఇప్పుడు ఆ అబద్ధపు ప్రకటన తీయి. మూడు గంటల ఏడు నిమిషాలది."

ప్రోగ్రామర్ వేళ్లు కదల్లేదు. ఇన్‌స్పెక్టరే నొక్కాడు.

అక్షరాలు పెద్దవి చేయి. మళ్లీ పెద్దవి చేయి. రెండు నిమిషాల పది సెకన్లు. బటన్ మీద వేలు, అయిదు సెకన్లు.

వెనక నుంచి తొంగి చూస్తున్న హెడ్ కానిస్టేబుల్ మెల్లిగా అన్నాడు, "దయ్యాలకు కూడా చత్వారం వస్తుందా సార్?"

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ముప్ఫై రెండేళ్ల పిల్లకు చత్వారం రాదు. రోజూ రెండింటికి స్టేషన్ నుంచి లేచి వెళ్లే మనిషికి వస్తుంది.

మర్నాడు రెండు గంటల నలభైకి ఒక్కడే ఆమె ఇంటికి వెళ్లాడు.

రెండు గదుల ఇల్లు. తల్లి ఆయన్ని చూసి కంగారుపడింది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కానీ చూపు మాటిమాటికీ గడియారం మీదికే పోతోంది. మీ పని మీరు చూసుకోండమ్మా, నాకు తొందరలేదు అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమె సిగ్గుపడుతూ అలమరలోంచి ఒక టాబ్లెట్ తీసింది. చీర కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది.

తెర చుట్టూ పసుపు రంగు అంచు ఉంది.

"ఇది నాకు నా కూతురే నేర్పింది బాబూ. నేను నొక్కగలిగితే లోకంలో ఎవరైనా నొక్కగలరట. నేను తడబడిన చోటల్లా మార్చేది. పసుపు అంచు ఉంటే ఆట, లేకపోతే అసలు అని చెప్పింది. ఇది ఆటే. ఆఫీసు వాళ్లకు చెప్పకండి, తీసుకుపోతారు."

"అందులో ఏం రాసుందో చదువుతారా అమ్మా?"

"చదువుతాను. చదివి ఒకసారి అడిగాను కూడా, ఇది నిజమేనా అని. అందులో ఏముందో నీకొద్దమ్మా, అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా, వేలికి బటన్ అందుతోందా లేదా, అదే నాకు కావాలంది."

ఆమె అక్షరాలు పెద్దవి చేసింది. మళ్లీ చేసింది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. బటన్ మీద వేలు ఆనించి, పెదాలు కదిలిస్తూ అయిదు దాకా లెక్కపెట్టింది. రెండోది. మూడోది. జాబితా అయిపోయింది.

టాబ్లెట్ లోంచి గొంతు వచ్చింది. పడుచు గొంతు, కాస్త తొందరగా మాట్లాడే గొంతు.

"అయిపోయిందమ్మా. ఇక లేచి కాసేపు అటూ ఇటూ నడువు, మోకాళ్లు పట్టేస్తాయి."

ఇన్‌స్పెక్టర్ గ్లాసు కింద పెట్టాడు.

తల్లి లేచి గదిలో అటూ ఇటూ నడిచింది. నడుస్తూ చెప్పింది. అన్నీ నొక్కితేనే ఆ మాట వస్తుందట. ఒక్కటి మిగిలినా రాదట. అందుకే ఒక్క రోజు కూడా మానలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆమె వచ్చి కూర్చునేదాకా ఆగాడు. తరువాత అడగాల్సినవి అడిగాడు. ఈ సంగతి ఇంకెవరికి తెలుసు? ఆఫీసులో ఎవరికీ చెప్పేది కాదట, ఎవరి మీద పరీక్ష చేస్తున్నదీ బయటపెట్టకూడదని దాని నియమం. ఒక్క మేనేజర్ గారికి మాత్రం తెలుసు. దానికి జ్వరం వచ్చినప్పుడు చూడ్డానికి వచ్చారు. పక్కనే కూర్చుని, తను నొక్కడం ఆసాంతం చూసి, భేష్ అన్నారు. ఎంతో మర్యాదస్తుడు.

బయలుదేరుతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"ఎవరు నొక్కారో తెలిసిందా బాబూ?"

ఇంకా తెలియలేదని అబద్ధం చెప్పి మెట్లు దిగాడు. డిజైనర్ ఆ ఉత్తరం ఎందుకు రాసిందో ఆయనకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

తరువాతి రోజు పదకొండు గంటలు. ఆఫీసు మీటింగ్ గది. తలుపు దగ్గర హెడ్ కానిస్టేబుల్. బల్ల చుట్టూ యజమానురాలు, మేనేజర్, ప్రోగ్రామర్.

ఇన్‌స్పెక్టర్ కూర్చోలేదు.

"ఆ అబద్ధపు ప్రకటనని ఆమోదించింది డిజైనర్ కాదు. ఆమె పేరు మీద వేరే మనిషి నొక్కారు. నొక్కిన మనిషి తప్పేమీ లేదు. తెలియక నొక్కారు."

ఆ మనిషెవరని యజమానురాలు అడిగేలోపు మేనేజర్ అందుకున్నాడు.

"ఇంట్లో ఉన్న ముసలావిడ తెలియక నొక్కితే దానికి మేమేం చేస్తాం సార్?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు.

"ముసలావిడ అని నేననలేదే" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇల్లు అని కూడా అనలేదు."

మేనేజర్ ప్రోగ్రామర్ వైపు చేయి చూపించాడు. ఇతనే చెప్పాడన్నాడు. ప్రోగ్రామర్ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ టాబ్లెట్ ఎవరి దగ్గరుందో తనకు ఈ క్షణం దాకా తెలియదన్నాడు. తన దగ్గరున్నది దాని నంబరొక్కటే.

ఇక ఆగలేదు. అంతా కక్కేశాడు. పోలింగ్ ముందు రోజు మేనేజర్ వచ్చి, క్లయింటుకు చూపించాలి, పరీక్ష టాబ్లెట్‌ని అసలు జాబితాకి కలుపు అన్నాడు. కలిపాడు. పసుపు అంచు మాత్రం అలాగే ఉండిపోయింది. లోపల నొక్కేది మాత్రం అసలు. మర్నాడు గొడవ రేగింది. ఒంటిగంట ఇరవైకి డిజైనర్ వచ్చి నిలదీస్తే నిజం ఒప్పుకున్నాడు.

"ఆవిడేమంది?"

"అయితే ఆ ఉత్తరం చింపేస్తాను, మేనేజర్ చేసిందంతా పై వాళ్లకు రాస్తాను అంది సార్. ఆయనెక్కడని అడిగింది. ఫోన్ మాట్లాడుకోవడానికి వెనక మెట్ల దగ్గరికెళ్లారని చెప్పాను. నేనే చెప్పాను సార్."

తరువాత భయం. ఆమె ఖాతా మూయాలంటే ముందు ఆ టాబ్లెట్ విడదీయాలి. విడదీస్తే ఎవరు కలిపారో బయటపడుతుంది. అందుకే మూసేశానని అబద్ధమాడాడు. రోజూ మూడింటికి ఆ ఆకుపచ్చ గుర్తు పడుతుంటే, కలిపింది తనే అయినా, ఆవిడే వచ్చిందని వణికిపోయాడు. పద్నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

మేనేజర్ లేచి నిలబడ్డాడు. తను ఆ వేళ కుర్చీలోంచి కదల్లేదని మళ్లీ చెప్పాడు.

"పనిచేస్తూనే ఉన్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక్క నిమిషం ఆపలేదు."

"పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే మీ తెర దానంతటదే తాళం పడిపోతుంది. ఎవరైనా లేచి వెళ్తే ఇంకొకరు కెలక్కుండా ఆ అమ్మాయి పెట్టిన ఏర్పాటు. ఎప్పుడు పడిందో కూడా రాసిపెడుతుంది. ఆ రోజు మీ తెర మీద చివరిసారి వేలు పడింది ఒంటిగంట పదిహేనుకి. తాళం పడింది ఇరవై అయిదుకి. మీరు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టింది ముప్ఫై ఎనిమిదికి. ఇరవై మూడు నిమిషాలు. ఎక్కడున్నారు?"

మేనేజర్ కూర్చున్నాడు. గట్టిగా నెట్టలేదని మాత్రం అన్నాడు. ఆమె ఎన్నిసార్లో తన ప్రకటనలు తిప్పి పంపిందని, ఈ ఒక్కటి దాటితే చాలనుకున్నానని, ఎవరూ చావాలని కోరుకోలేదని అన్నాడు.

పదకొండు నలభైకి జీపు కదిలింది. హెడ్ కానిస్టేబుల్ ముఖంలో మొదటిసారి సంతృప్తి కనిపించింది. ఇన్‌స్పెక్టర్ ముఖంలో అది లేదు. అసలు కష్టమైన పని ఇంకా మిగిలే ఉంది. కూతురి పేరు మీద మచ్చ పోవాలంటే నొక్కిందెవరో కాగితం మీదికి రావాలి. కోర్టులో ఎవరో నల్లకోటు మనిషి నోట వినేకంటే తన నోట వినడమే నయమనుకున్నాడు.

ఆ సాయంత్రం అయిదింటికి తల్లి ఎదురుగా కూర్చున్నాడు. మేనేజర్ సంగతి చెప్పాడు. తోసేశాడని చెప్పాడు. ఆత్మహత్య అని రాసింది తన తప్పేనని, ఉత్తరం తప్ప ఇంకేదీ చదవకుండా సంతకం పెట్టానని, ఆ రిపోర్టు మార్చి రాస్తున్నానని చెప్పాడు. ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టబోతే, వద్దమ్మా అని పట్టుకుని ఆపాడు.

"మరి బటన్ నొక్కిందెవరు బాబూ?"

ఆయన టాబ్లెట్ వైపు చూశాడు. పసుపు అంచు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. సగంలోనే ఆమె చేయెత్తి ఆపింది. అర్థమైపోయింది. తన కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"నేనేనని దానికి తెలుసా?"

"తెలుసమ్మా. పదకొండున్నరకు రికార్డు చూసింది. చూడగానే పోల్చుకుంది. మీ మీదికి రాకూడదనే ఆ ఉత్తరం రాసింది."

ఆమె తనలో తను ఏదో లెక్క వేసుకుంది.

"పన్నెండున్నరకు ఫోన్ చేసింది బాబూ. ఆ వేళప్పుడు ఎన్నడూ చేయదు. తిన్నావా అంది. నిన్న నువ్వు నొక్కినవన్నీ చూశానమ్మా, ఒక్క తప్పు లేదు, ఎంత బాగా నేర్చుకున్నావో అంది."

ఇన్‌స్పెక్టర్ కలం ఆగిపోయింది.

"ఆగారేం, రాసుకోండి" అంది ఆమె. "అది ఆ మాటన్నాక ఆ పూటంతా నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు.